ఒక సైజు పెద్దది

కుట్టు కొట్టు, కిటికీ పక్క మిషన్
సోమవారం

మా పిచ్చుకకి,

మిషన్ ఆపి మరీ రాస్తున్నానంటే విషయం పెద్దదని నీకు ఈపాటికే అర్థమై ఉంటుంది. నేను కారు కొన్నాను.

గుండె పట్టుకోకు. చెప్పుల పెట్టె అంత కారు. రిమోట్‌తో నడుస్తుంది, బగ్గీ అంటారట. మీ నాన్నకి మాత్రం చెప్పకు. మా అన్నయ్య నవ్వడం మొదలెడితే వీధి చివరిదాకా వినిపిస్తుంది.

మన కొట్టు వెనక పాత గోడౌన్ ఆవరణ ఉంది కదా, అక్కడ ఏడాదిగా ప్రతి ఆదివారం ఈ బగ్గీల పందాలు జరుగుతున్నాయి. గుండీలు కుడుతూ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. మొదట్లో ఆ గోలకి తిట్టుకున్నాను. తర్వాత ఎవరు ఏ మలుపులో తప్పుతున్నారో కనిపెట్టడం మొదలైంది. ఇప్పుడైతే ఆదివారం సెలవని బోర్డు పెట్టి, లోపల కిటికీ దగ్గర కూర్చుంటున్నాను, సిగ్గు లేకుండా.

మొన్న సెలూన్ ఆయన, నడుం నొప్పితో ఇక వంగలేనని, తన బగ్గీలోంచి సామాన్లన్నీ తీసేసుకుని ఒట్టి చట్రం అమ్మకానికి పెట్టాడు. గేటు దాటి వెళ్ళి తీసుకున్నాను. అక్కడే ఉన్నాడు జనరేటరు. టైర్ల షాపాయన, క్లబ్బుకి పెద్ద. గొంతు వల్ల ఆ పేరొచ్చింది. "ఏమ్మా, దీనికి గౌను కుడతావా?" అన్నాడు. అందరూ నవ్వారు. "కుడతానండీ, ముందు మీ నోటికి రెండు కుట్లు వేశాక" అన్నాను. ఇంకా గట్టిగా నవ్వారు. ఆయనకి రోషం వచ్చేసింది.

చివరికి పందెం ఇలా తేలింది. వచ్చే నెల ఆఖరి ఆదివారం తేలిక బగ్గీల పోటీ. బ్యాటరీతో కలిపి కిలోన్నర దాటకూడదు, ఐదు నిమిషాల పరుగు. మొదటి ముగ్గురిలో వస్తే నన్ను క్లబ్బులో చేర్చుకుంటారు. రాకపోతే క్లబ్బులో అందరికీ ఊరికే చొక్కాలు కుట్టిపెట్టి, మళ్ళీ ఆ గేటు తొక్కకూడదు.

చొక్కాలదేముంది, కుట్టి పారేస్తాను. గేటు తొక్కకపోవడమే నావల్ల కాదు. బుద్ధెరిగాక ఆట అనేది ఒక్కటైనా ఆడానటే? కాళ్ళు పెడలుకి అందకముందే మిషన్ మీద కూర్చోబెట్టారు నన్ను.

చట్రం లోపల అంతా ఖాళీ. ఏ మోటారు, ఏ బ్యాటరీ, ఏ డబ్బా పెట్టాలో నువ్వే చెప్పాలి. చదివింది అదేగా! ఫోన్లో చెప్తే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తాను. కాగితం మీదైతే మిషన్‌కి అంటించుకుంటాను. నీ బడి పుస్తకాల పక్కన కూర్చుని నేర్చుకున్న అక్షరాలు ఇంకెందుకున్నాయి మరి.

అత్త


ఉద్యోగినుల హాస్టల్, మూడో అంతస్తు
శుక్రవారం

అత్తా,

నీ ఉత్తరం క్యాంటీన్లో చదువుతూ పైకే నవ్వేశాను. ఎదురుగా ఉన్నావిడ తన టీ గ్లాసు కొంచెం పక్కకి జరుపుకుంది.

ముందే ఒక మాట. నేను బగ్గీ ఎప్పుడూ నడపలేదు. చదువుకున్నది, ల్యాబ్‌లో రోజూ కొలిచేది మాత్రమే చెప్తాను. మలుపులు నీకే బాగా తెలుసు.

మోటారు: బ్రష్‌లెస్ రకం తీసుకో. లోపల అరిగిపోయే ముక్కలుండవు. దాని మీద ఒక అంకె ఉంటుంది. ఆ అంకె ఎంత తక్కువైతే మోటారుకి అంత వేగం. ఆరున్నర అని రాసింది చూపిస్తారు, ముట్టుకోకు. గోడకి గుద్దుకోవడానికి తప్ప మొదటి పందానికి అది పనికిరాదు. పదిహేడున్నర తీసుకో.

స్పీడ్ కంట్రోలర్: అది నీ మిషన్ పెడలు లాంటిది. నువ్వు రిమోట్ మీద వేలు ఎంత నొక్కితే మోటారుకి అంత కరెంటు వదులుతుంది. ముందు చక్రాలని పక్కలకి తిప్పే చిన్న మోటారుకీ, రిమోట్ మాట వినే రిసీవర్‌కీ కూడా ఇదే కరెంటు ఇస్తుంది. "రెండు సెల్స్ వరకు" అని రాసి ఉన్నది చాలు. అలాంటి దానికి మూడు సెల్స్ బ్యాటరీ తగిలిస్తే పొగ వస్తుంది. తమాషాకి అనట్లేదు, ఆ వాసన నాకు తెలుసు.

ఇక బ్యాటరీ. లైపో అనే లిథియం రకం, రెండు సెల్స్, పొట్టిది, నాలుగు వేల ఎంఏహెచ్. ఆ అంకె ట్యాంకులో నీళ్ళెన్నో చెప్తుంది. ఐదు నిమిషాల పరుగుకి అందులో సగం కూడా ఖర్చవదు. పక్కనే పొడుగు రకం ఉంటుంది, ఏడు వేలది. బరువు దాదాపు ఒకటిన్నర రెట్లు. మిగిలిపోయిన కరెంటుని మోసుకుంటూ పరిగెత్తడం తప్ప దానివల్ల లాభం లేదు.

అత్తా, ఇది మరీ మరీ చెప్తున్నాను. మన ఇంట్లో ఏది కొన్నా ఒక సైజు పెద్దదే కొంటాం. నా బడి గౌన్లన్నీ మోకాళ్ళ కింద దాకా, బూట్ల ముందు భాగంలో గుడ్డ. ఎదిగే పిల్ల, ఏడాది తిరిగేసరికి సరిపోతాయి అనేదానివి. బ్యాటరీ ఎదగదు. బగ్గీ కూడా ఎదగదు. సరిగ్గా సరిపోయేదే కొను.

ఇక్కడ అంతా బాగుంది. ఉద్యోగం బాగుంది. కుర్చీ మారింది.

నీ పిచ్చుక


కుట్టు కొట్టు, కత్తిరింపు బల్ల మీద
బుధవారం

పిచ్చుకా,

సామాన్లన్నీ వచ్చేశాయి! నీ కాగితం పట్టుకుని షాపుకెళ్ళి, ఒక్కొక్క ముక్కా చదివి వినిపించాను. షాపబ్బాయి నన్ను కింది నుంచి పైకి చూసి, "ఎవరికండీ, మనవడికా?" అన్నాడు. "మనవడికైతే ఆరున్నర మోటారు కొందును నాయనా, నాక్కాబట్టి పదిహేడున్నర" అన్నాను. వెంటనే డబ్బాలు దించాడు. కుర్చీ కూడా వేశాడు.

మోటారు నువ్వు చెప్పిందే. కంట్రోలర్ నువ్వు చెప్పిందే. బ్యాటరీ బ్రహ్మాండంగా ఉంది. ఎర్ర తీగకి ఎర్రది, నల్ల తీగకి నల్లది తగిలించి, రెండుసార్లు చూసుకున్నాకే మీట వేశాను. చూడ్డానికి వచ్చిన టీ బండి ఆయన నాలుగడుగులు వెనక్కి వేశాడు. పొగ రాలేదు. బగ్గీ కుయ్యిమంది. పసిపిల్ల గొంతు విన్నట్టు నవ్వుకున్నాం ఇద్దరం.

కానీ మలుపు తిరగడం లేదే. నేను ఎడమ అంటే అది ఆలోచించుకుని తిరుగుతోంది. ఎత్తుపల్లెం దగ్గర ఎగిరి, వెనక భాగం దబ్బున పడుతోంది. కొట్టు మెట్టుకి ఒకసారి, నీళ్ళ డ్రమ్ముకి ఒకసారి, జనరేటరు కాలికి ఒకసారి కొట్టుకుంది. మూడోది కావాలని చెయ్యలేదు. అలా అని బాధ పడనూ లేదు.

పేరు కూడా పెట్టాను. పిచ్చుక. బాడీకి పసుపు రంగు వేశాను.

నీ ఉత్తరంలో మోటారుకి అన్ని వాక్యాలు రాసి, ఉద్యోగానికి మూడు ముక్కలు రాశావు. కుర్చీ ఎందుకు మారింది? ఫ్యాను కింద కుర్చీయేనా?

అత్త


హాస్టల్, మూడో అంతస్తు
ఆదివారం

అత్తా,

బ్యాటరీ బ్రహ్మాండంగా ఉందన్నావు. సైజు రాయలేదేం?

మిగతావన్నీ నేను చెప్పినవేనని ఒక్కొక్కటిగా రాసి, బ్యాటరీ దగ్గరికి వచ్చేసరికి బ్రహ్మాండం అన్నావు. నేను నీ చేతిలో పెరిగిన దాన్ని. వెనక భాగం దబ్బున పడటం, మలుపు దగ్గర బద్ధకించడం, ఈ రెండూ బరువు లక్షణాలు. ఎక్కడైనా తూకం వేయించి చెప్పు. కోప్పడను.

సరే, కొంచెం కోప్పడతాను.

ఇంకో సంగతి. ఛార్జి పెట్టేటప్పుడు పక్కనే ఉండు. బట్టల గుట్ట దగ్గర అస్సలు వద్దు, సిమెంటు గచ్చు మీద పెట్టు. రెండు సెల్స్‌నీ సమానంగా నింపే ఛార్జరే వాడాలి. పూర్తిగా ఖాళీ అయ్యేదాకా నడపకు. బ్యాటరీకి ఎప్పుడైనా పొట్ట వస్తే అది బలం కాదు, రోగం. దాన్నింక వాడకూడదు. పరుగు అయ్యాక మోటారు మీద వేలు పెట్టి చూడు. పెట్టి ఉంచగలిగితే అంతా క్షేమం.

కుర్చీ ఫ్యాను కిందే. గాలి బాగా వస్తుంది.

నీ పిచ్చుక


కుట్టు కొట్టు, తలుపు దగ్గరగా వేసి
బుధవారం

పిచ్చుకా,

పట్టేశావు. పొడుగుదే కొన్నాను. ఏడు వేలది.

ఏం చెయ్యనే? రెండూ పక్కపక్కన పెట్టి చూపించాడు. పొట్టిది చూస్తే సబ్బు ముక్కలా ఉంది. కాస్త ఎక్కువ పెడితే అంత పొడుగుది వస్తుంటే, పొట్టిది తీసుకోమని నా చెయ్యి చెప్పలేదు. నీ ఉత్తరం అప్పుడు చేతిలోనే ఉంది. మడిచి బొడ్డులో దోపాను. లోపల గూట్లో పట్టకపోతే, అడుగున ఉన్న మెత్త తీసేసి, నాడా పట్టీతో కుట్టి బిగించాను. కుట్టు మాత్రం అద్దంలా వచ్చింది.

పార్సిల్ ఆఫీసు ఆయనే పోటీకి తూకం చూసేది. ఆయన త్రాసు మీద పెట్టించాను. అంకె చూసి, "అమ్మా, దీన్ని పోటీకి పంపుతారా, పార్సిల్ పంపుతారా?" అన్నాడు. కిలోన్నర దాటి ఎక్కడో ఉంది. తల కొట్టేసినట్టయింది. ఆదివారం ఇంకెంతో దూరం లేదు. ఆ గేటు బయట నిలబడి, చొక్కాలకి కాజాలు కుడుతూ, చప్పుడు వింటూ బతకడం ఒక్కసారి కళ్ళ ముందు తిరిగింది. ఇప్పుడేం చెయ్యాలో వెంటనే రాయి.

నా తప్పు నేను ఒప్పుకున్నాను. మరి నీ సంగతి? నేను బ్యాటరీ సైజు రాయలేదు. నువ్వు కుర్చీ సైజు రాయడం లేదు. గాలి బాగా వస్తుందట! ఎవరికే చెప్తున్నావు? నేను నిన్ను చేత్తో పెంచిన దాన్ని.

అత్త


ల్యాబ్ క్యాంటీన్, మూల బల్ల
శనివారం

అత్తా,

ముందు నీ పని. క్లబ్బులో పెద్ద ట్రక్కులు నడిపేవాళ్ళు ఉన్నారా? వాటికి పొడుగు బ్యాటరీయే కావాలి. నీది కొత్తది కాబట్టి, మార్చుకుని పొట్టిది ఇచ్చేవాళ్ళు దొరకొచ్చు. ఇచ్చేది పొట్ట రానిదై ఉండాలి, బల్ల మీద పెడితే ఊగకూడదు. అది పెట్టాక నాడా పట్టీ తీసెయ్యి, మెత్త తిరిగి పెట్టు. బ్యాటరీని గూట్లో కొంచెం ముందుకి జరిపితే ముందు చక్రాలు నేలని బాగా పట్టుకుంటాయి, మరీ ముందుకైతే వెనకవి జారతాయి. అది నువ్వే నడిపి తేల్చుకోవాలి.

ఇక కుర్చీ.

మా టీం లీడరుగారు వేరే చోటికి వెళ్ళిపోయారు. ఆయన కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. కంట్రోలర్ల పరీక్షలు మొత్తం నేనే చూడాలి. నా కింద పనిచేసేవాళ్ళు కొందరు నాకన్నా పెద్దవాళ్ళు. వాళ్ళ ఇళ్ళల్లో నాన్నలూ తాతలూ ఆఫీసులకి వెళ్ళినవాళ్ళు. మీటింగులో ఎలా కూర్చోవాలో, ఎప్పుడు నవ్వాలో వాళ్ళకి పుట్టుకతో వచ్చినట్టు ఉంటుంది. నేను నోరు తెరిచేముందు వాక్యం మొత్తం లోపల ఒకసారి రాసుకుంటాను. అది పూర్తయ్యేసరికి మీటింగు ఇంకో విషయానికి వెళ్ళిపోతుంది.

పని రాదని కాదు. కొలతలు నాకు తెలుసు. కుర్చీయే వదులు. మొన్న ఒక కంట్రోలర్ వేడెక్కుతోందని తెలిసి కూడా చెప్పడానికి ఒక రోజు ఆలస్యం చేశాను. ఎవరికీ ఏమీ కాలేదు కానీ నాకు ఆ రోజంతా అన్నం సహించలేదు. పాత స్థానంలోకే పంపండి అని దరఖాస్తు రాసి పెట్టుకున్నాను. పోటీ తర్వాత వచ్చే గురువారం పెద్ద మీటింగు ఉంది. అందులో నేను మాట్లాడాలి. దానికి ముందే ఇచ్చేస్తాను.

బ్యాటరీ గురించి నీకు అంత గట్టిగా చెప్పింది ఇందుకే అనుకుంటాను. సరిపోనిది మోసుకుంటూ తిరగడం ఎలా ఉంటుందో తెలిసి.

గెలువు అత్తా. ఆ గేటు మనది కావాలి.

నీ పిచ్చుక


కుట్టు కొట్టు, తలుపులు బార్లా తీసి
ఆదివారం సాయంత్రం

పిచ్చుకా, పిచ్చుకా,

ఊపిరి ఆడక రాస్తున్నాను. అక్షరాలు అటూ ఇటూ పోతే సర్దుకో.

పొడుగు బ్యాటరీ ఎవరు తీసుకున్నారనుకున్నావు? జనరేటరే! "మా పెద్ద ట్రక్కుకి పనికొస్తుందిలే, ఇలా ఇవ్వు" అని ఎగరేసుకుపోయాడు. పొట్టిది ఇచ్చాడు. బల్ల మీద పెట్టి చూశాను, ఊగలేదు. "ఏంటమ్మా, రత్నం పరీక్షిస్తున్నావా?" అన్నాడు. "మా మేనకోడలి ఆజ్ఞండీ" అన్నాను.

అది పెట్టగానే బగ్గీ మనసు మారిపోయింది. ఎడమ అనేలోపే ఎడమ. బ్యాటరీని ముందుకి ఒక వేలు జరిపితే గిర్రున తిరిగి పడింది. అరవేలు జరిపితే సరిపోయింది.

పోటీలో మొదటి చుట్టులోనే ఇద్దరు ఆరున్నర మోటార్ల మహానుభావులు టైర్ల గుట్టలోకి దూరారు. నేను కాలరు కుట్టినట్టు నడిపాను. తిన్నగా ఉన్న చోట పెడలు తొక్కడం, ఒంపు దగ్గర కాలు తీసెయ్యడం. కానీ ముందు మందుల షాపాయన, వెనకే ఆయన చెల్లెలి భర్త, ఆ వెనక జనరేటరు. ఆ మూడోవాడిని దాటలేకపోయానే. ఆఖరి మలుపులో తోక దాకా వెళ్ళాను. గంట కొట్టేశారు. నాలుగో స్థానం.

రిమోట్ కింద పెట్టాను. చొక్కాలకి గుడ్డ ఎంత పడుతుందో మనసులో లెక్క మొదలైంది కూడా. కళ్ళు ఎందుకు మండుతున్నాయో ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు పార్సిల్ ఆఫీసాయన త్రాసు తెచ్చాడు. పందెం అయ్యాక ముందొచ్చిన బండ్లు తూకం వేస్తారు. మందుల షాపుది సరే. చెల్లెలి భర్తది సరే. జనరేటరుది పెట్టారు. అంకె ఎక్కి కూర్చుంది. కిలోన్నర మీద నలభై గ్రాములు. "త్రాసు తప్పు" అన్నాడు. తీసి మళ్ళీ పెట్టారు. "గాలి" అన్నాడు. బండి పైకప్పు తీసి చూస్తే, లోపల నా పొడుగు బ్యాటరీ! పెద్ద ట్రక్కుకి అన్నాడా, ఉదయం చూసి, ఇంత దమ్ముంటే తేలిక బండికే పెడదాం అనిపించిందట. నా నాడా పట్టీ కూడా అడిగి తీసుకెళ్ళాడు మొన్న. నా కుట్టు నేను గుర్తుపట్టలేనా?

ఆ కిలోన్నర నిబంధన రాసింది ఆయనే. అందరం ఆయన మొహమే చూస్తున్నాం. కాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత గోడౌన్ అదిరిపోయేలా అరిచాడు: "మూడో స్థానం, పిచ్చుక! కుట్టు కొట్టు!" ఆ గొంతు మొదటిసారి తియ్యగా వినిపించింది నాకు. "నాలుగో దాన్నండీ నేను" అన్నాను. "బరువు కూడా పందెమే తల్లీ. పేరు రాయించుకో" అన్నాడు. రాయించుకున్నాను. సంతకం నేనే చేశాను.

చొక్కాలు నేనే కుడతాను, కూలి తీసుకుని. ఆయన చొక్కాకి పొట్ట దగ్గర కుట్టులో బట్ట వదులుతానని మాటిచ్చాను.

ఇక నువ్వు విను. బ్యాటరీ ఎదగదని రాశావు. నిజం. ఆ కాగితం ఇప్పటికీ మిషన్‌కి అంటించే ఉంది. మరి నువ్వు బ్యాటరీవా?

నీ మొదటి బడి బూట్లు నేను కొన్నవే. గేటు దగ్గర నాలుగడుగులు వేసి పడ్డావు. అందరూ నవ్వారు. ఇంటికొచ్చి, చిన్న సైజు కొను అత్తా అని ఏడ్చావు. నేను చిన్నవి కొనలేదు. గుడ్డ పీలిక మడిచి ముందు కుక్కాను. నెలలు గడిచాయి, ఆ గుడ్డ ఎప్పుడు తీసి పారేశావో నాకే తెలియదు. మరుసటి ఏడు బూట్లు బిగుతయ్యాయని పేచీ పెట్టావు.

నేను ఒక సైజు పెద్దది కొనేది తెలివి లేక కాదే. బ్యాటరీకి తప్పింది, ఒప్పుకుంటాను. పిల్లకి మాత్రం ఎప్పుడూ తప్పలేదు.

దరఖాస్తు ఇస్తావో మానతావో నీ ఇష్టం. చదువుకున్నదానివి. నాకు తోచింది రాశాను.

అత్త


ల్యాబ్, ఫ్యాను కింద కుర్చీ
గురువారం మధ్యాహ్నం

అత్తా,

మూడో స్థానం వార్త మా టీం మొత్తానికి చెప్పాను. నాకన్నా పెద్దాయన ఒకరు, బ్యాటరీ ఎంత ముందుకి జరిపారు అని అడిగారు. అరవేలు అన్నాను. ఆయన నిజంగానే రాసుకున్నారు.

మొదటి జీతంతో ఆఫీసుకని బూట్లు కొన్నానని చెప్పాను కదా. చెప్పనిది ఏంటంటే, నాకు తెలియకుండానే ఒక సైజు పెద్దవి కొన్నాను. షాపులో నా నోట వచ్చిన మాట నీదే. ఎదగడం ఎప్పుడో ఆగిపోయినదాన్ని, ఇంటికొచ్చి నవ్వుకుని పెట్టెలో పెట్టేశాను.

ఈ ఉదయం వాటిని తీశాను. ముందు భాగంలో కుక్కడానికి గదిలో గుడ్డ ఏదీ కనిపించలేదు. బల్ల మీద దరఖాస్తు ఉంది. నాలుగు మడతలు వేస్తే సరిగ్గా సరిపోయింది. రెండో బూటుకి దాని కవరు.

మీటింగులో లేచి నిలబడి, కంట్రోలర్ వేడెక్కుతోందని, ఎందుకో, ఏం మార్చాలో చెప్పాను. మధ్యలో ఒక వాక్యం తప్పింది. ఆగి మళ్ళీ చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ఆ పెద్దాయన, "మార్చాల్సిందే" అన్నారు.

బూట్లు ఇంకా కాళ్ళకే ఉన్నాయి. వదులే అత్తా. నడవగలుగుతున్నాను.

నీ పిచ్చుక